ఒక్క మిల్లీమీటరు తేడా

నాది తొందర చెయ్యి. నేను నర్సుగా చేరిన ఈ ఇరవై రెండేళ్లుగా మా డాక్టరుగారు ఆ మాట అంటూనే ఉన్నారు, నేను వింటూనే ఉన్నాను. చివరికి ఆ చెయ్యే కొంప ముంచింది.

ఆ రోజు ఆపరేషన్ ఒక బడి పంతులమ్మకి. ముక్కుపుటాలు మరీ వెడల్పుగా ఉన్నాయని, కాస్త చిన్నవి చేయించుకోవడానికి వచ్చింది. "పిల్లలు నా బొమ్మ గీస్తే ముందు ముక్కే గీస్తారండీ. జాగా మిగిలితే నన్ను గీస్తారు" అని నవ్వుతూనే చెప్పింది. నాకు మాత్రం జాలేసింది.

ఈ పనిలో కొలతంతా కత్తి పట్టకముందే అయిపోవాలి. మనిషిని కూర్చోబెట్టి, నవ్వమని, పుటం అడుగున ఎంత తీయాలో ఊదారంగు సిరాతో గీస్తారు. పడుకోబెడితే ముక్కు తీరు మారిపోతుంది, మత్తుసూది పడితే ఉబ్బిపోతుంది. ఇక ఆ గీతలే దిక్కు. ఆమెకి ఒకవైపు మూడు మిల్లీమీటర్లు, రెండోవైపు నాలుగు. ఎక్కువ తీస్తే జీవితాంతం ఊపిరికి కష్టం, తీసిన ముక్క మళ్లీ అతకదు. మా డాక్టరుగారు కొలతలు రాసి పెట్టుకోరు. ముఖం మీద గీత ఉండగా కాగితం దేనికంటారు.

సూది వేశాక ముక్కు శుభ్రం చేశాను. దూది ఊదారంగుకి తిరిగింది. గీతలు లేవు.

"సార్, చెరిగిపోయాయి" అన్నాను.

ఆయన కొరకొరా చూశారు. "పర్లేదు, గుర్తుంది. కుడివైపు నాలుగు."

"కాదు సార్, ఎడమవైపు."

ఆ గదిలో ఆయన మాటకి ఎదురు చెప్పడం నాకదే మొదటిసారి. ఆయన కత్తికోసం చెయ్యి చాపారు. నేను ట్రే వెనక్కి లాగేశాను.

మత్తు ముక్కుకే గాని చెవులకి కాదు కదా! ముక్కు చుట్టూ కప్పిన ఆకుపచ్చ గుడ్డ కింద నుంచి పంతులమ్మ అంది, "ముందు మీరిద్దరూ ఒక మాట మీదికి రండి. తర్వాత నా ముక్కు సంగతి."

ఆపేశాం. తప్పు నాదేనని ఆమె చెయ్యి పట్టుకుని చెప్పాను. ఆమె ఏడ్చింది. పెట్టిన సెలవూ వృథా, కూడగట్టుకున్న ధైర్యమూ వృథా. "మళ్లీ రావడానికి మనసొప్పుతుందో లేదో" అంది.

పది రోజులకి వచ్చింది. వాపు పూర్తిగా తగ్గింది. డాక్టరుగారు మళ్లీ కూర్చోబెట్టి కొలిచారు. కుడివైపే నాలుగు. నాకు తల కొట్టేసినట్టయింది. ఈసారి కొలతలు కాగితం మీద కూడా రాయించి, పని చక్కగా పూర్తిచేశారు.

చేతులు కడుక్కునేచోట ఆయన పక్కన నిలబడ్డాను. "క్షమించండి సార్. మీకు సరిగ్గా గుర్తున్నా నేనే అడ్డుపడ్డాను."

ఆయన కుళాయి కట్టేశారు.

"గుర్తులేదు సిస్టర్. ఏదో ఒకవైపు చెప్పాలి కదా అని చెప్పాను."

అంతకుముందు కూడా నా చేతి కింద రెండు మూడుసార్లు గీతలు చెరిగాయి. అప్పుడూ ఆయన గుర్తుందనే అన్నారు. నేను కత్తి అందించాను.