పల్లంరాజు బాగుచేసిన నుయ్యి

కోరంగి దిగువన ఆ పల్లెలో ఎక్కడ నుయ్యి తవ్వినా ఉప్పునీళ్ళే, ఒక్క పల్లంరాజు పెరట్లో తప్ప. అతని తల్లి పెద్దింట్లమ్మ కాపురానికొచ్చిన కొత్తలో మొగుడితో కలిసి మట్టి మోసి తవ్వుకున్న నుయ్యి అది. వీధి వీధంతా ఆ నీళ్ళే తాగేది. బిందె పట్టుకొచ్చిన వాళ్ళని కోడలు వీరవేణి ఏనాడూ విసుక్కుని ఎరగదు.

ఆ ఎండాకాలం కాలవలకి నీళ్ళు కట్టేశాక, నూతి గోడ కూలకుండా దింపిన ఒరల్లో అడుగుది పగిలింది. కాల్చిన మట్టి ఒర కదా, పగులులోంచి ఇసక కారి నీళ్ళు బురదయ్యాయి.

"నూతులు తవ్వే చిట్టియ్యని పిలు మావా," అంది వీరవేణి.

"ఈ మాత్రం దానికి చిట్టియ్యెందుకే? నావకి చిల్లు పడితే నేను పూడ్చుకోవట్లేదా?"

అదీ పల్లంరాజు జబ్బు. ఇంట్లో ఏది పాడైనా తన చెయ్యి పడాల్సిందే. కొబ్బరిపీచూ బంకమట్టీ కలిపి పగులులో కుక్కాడు. నీళ్ళు తేరుకున్నాయి. మీసం మెలేశాడు మహానుభావుడు. నాలుగు రోజులు తిరక్కుండానే మళ్ళీ బురద. మళ్ళీ కుక్కాడు. ఈసారి పీచంతా ఊడి చేతికొచ్చింది.

"చిట్టియ్య పక్కూళ్ళో పనిలో ఉన్నాడంట. అమావాస్యకి వచ్చేస్తాడంట. అందాకా ఆగు మావా," అని వీరవేణి బతిమాలింది.

"అందాకా అమ్మకి బురద పొయ్యమంటావా?" అన్నాడు. పెద్దింట్లమ్మ అప్పటికే జ్వరంతో మంచాన పడి మాటిమాటికీ నీళ్ళడుగుతోంది. ఇంకాస్త లోతు చేస్తే మంచి ఊట పడుతుందనుకున్నాడు, పాపం. గునపం పుచ్చుకుని దిగాడు. అడుగున గట్టి బంకమట్టి తగిలితే దాన్నీ పొడిచాడు. భళ్ళున నీళ్ళు ఉబికాయి.

పైకొచ్చి చిన్నపిల్లాడిలా గంతులేశాడు. తడిబట్టలతోనే మొదటి చెంబు తల్లి దగ్గరికి పట్టుకెళ్ళి, తల ఎత్తి పట్టుకుని తాగించాడు. ఆవిడ ఆగకుండా తాగింది.

"ఎలా ఉన్నాయే అమ్మా?"

"బాగున్నాయిరా నాయనా. చల్లగా ఉన్నాయి."

అతను వీధిలో వాళ్ళని పిలవడానికి పరిగెత్తాడు. చెంబులో మిగిలిన గుక్కెడు వీరవేణి నోట్లో పోసుకుంది. ఓరి దేవుడో! సముద్రపు నీళ్ళకీ వాటికీ తేడా లేదు.

"ఇయ్యెలా తాగేవే అత్తా?"

"అంత సంబరపడతన్నాడు. ఎలా చెప్పనే?" అంది ముసలావిడ, కళ్ళు మూసుకుని.

వీధిలో వాళ్ళు తాగి ఉమ్మేశారు. ఖాళీ బిందెలతో వెళ్ళిపోయారు. కబురందుకుని చిట్టియ్య మర్నాడు పొద్దున్నే వచ్చి నూతిలోకి దిగి చూశాడు.

"అడుగునున్న ఉప్పుని ఆపేది ఆ మన్నే, పల్లంరాజా. దాన్ని పొడిచేశాక ఇంకెవడూ పూడ్చలేడు. ఒర మార్చడమంటావా, నాకు ఒక్క పూట పని."

పల్లంరాజు లోపలికొచ్చి, రాత్రికి రాత్రి జ్వరం ముదిరిపోయిన తల్లి మంచం పక్కన కూలబడ్డాడు. "ఉప్పని తెలిసీ ఎందుకు తాగేవే అమ్మా?"

"నువ్వు పోశావు కదరా," అంది పెద్దింట్లమ్మ.

అతను తల్లి కాళ్ళ మీద పడి గొల్లుమన్నాడు. వీరవేణి బిందె చంకనెత్తుకుని మంచినీళ్ళ కోసం కోసెడు దూరంలో ఉన్న పొరుగూరు పరిగెత్తింది. ఆమె తిరిగొచ్చేసరికి అత్త పోయింది.