అయిదో వాక్యం

నేను ఒక హార్డ్‌బోర్డు పలకను. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, వేలికంటే బాగా తక్కువ మందం. చెక్క నన్ను తన మనిషి అనుకోదు, అట్ట కూడా అనుకోదు. నాకు దానివల్ల పెద్ద నష్టం లేదు.

పుట్టినప్పుడు నేను అంబలిలా ఉండేదాన్ని. కోత మిల్లుల్లో మిగిలిన కలప ముక్కల్ని ఆవిరిలో ఉడికించి, పీచు పీచుగా విడదీసి, నీళ్ళలో కలిపి, ఇనుప జల్లెడ మీద పరిచారు. పైనుంచి కాలే ఇనుప పలకతో నొక్కారు. ఇనుప పలక తగిలిన వైపు నున్నగా తేలాను. జల్లెడ తగిలిన వైపు దాని గళ్ళు అలాగే ఉండిపోయాయి. మనుషులు నా నున్నని ముఖం చూసి కొంటారు, గరుకు ముఖాన్ని గోడకు తిప్పి పెడతారు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

రామచంద్రపురంలో ఒక టింబరు డిపోలో ఏడాది నిలబడ్డాక సువర్చల టీచరు వచ్చి నన్ను కొన్నారు. ఆవిడ బాలికల బడిలో క్రాఫ్టు చెప్పేవారు. రిక్షాలో తెచ్చి, ముందుగదిలో గోడకు చేరవేసి, గరుకు ముఖం మీద సుద్దముక్కతో సోమవారం పాఠం రాశారు. నున్నని వైపు సుద్ద నిలవదు. ఆ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ.

ఒకటి: ఇది చెక్క కాదు, చెక్క పీచు. రెండు: కోసేటప్పుడు నున్నని వైపు పైకి ఉండాలి. మూడు: అంచుకు మరీ దగ్గరగా మేకు కొడితే విచ్చిపోతుంది. నాలుగు: రంగు నున్నని వైపు, జిగురు గరుకు వైపు. అయిదు: బిగించే ముందు గరుకు వైపు నీళ్ళతో తడిపి ఒక రోజు ఉంచాలి, లేకపోతే వానాకాలంలో పొంగుతుంది.

పాఠం అయ్యాక నన్ను ఇరవై ముక్కలుగా కోయించి, పిల్లలకు పరీక్ష అట్టలు చేయించాలని ఆవిడ ఉద్దేశం. ఆదివారం సాయంత్రం గుండె ఆగి పోయారు. నన్ను ఎవరూ కోయలేదు.

ఆ ఇంట్లో మిగిలింది ఆవిడ భర్త కామేశం మాస్టారు. హైస్కూల్లో లెక్కలు చెబుతారు. ప్రశ్నపత్రం మీద సూచనలు చదవకుండా జవాబు రాసినవాడికి, జవాబు సరైనదైనా రెండు మార్కులు కోసే మనిషి. ఎనిమిది నెలలు నా మీద దుమ్ము దులపలేదు, దులపనివ్వలేదు.

వేసవిలో ఆవిడ చీరల బీరువా వెనక చెక్కను చెద తినేసింది. వడ్రంగి గంగాచారి వచ్చి కొలత చూసుకున్నాడు. నన్ను చూశాడు. సరిగ్గా సరిపోతాను.

"మాస్టారండీ, ఓ బకెట్టు నీళ్ళిప్పించండి."

"ఎందుకు?"

"బోర్డు తడపాలి కదండీ. తడిసి సాగుద్ది, బిగించాక ఆరి డప్పులాగ లాక్కుంటాది. పొడిగా కొట్టేత్తే శ్రావణానికల్లా బూరెలాగ పొంగుద్దండి."

"తడపొద్దు ఆచారీ."

గంగాచారి వంగి, నా మీద రాతను కూడబలుక్కుంటూ చదివాడు. "అమ్మగారే రాశారండి. అయిదోది చూడండి."

"చూశాను."

"చూసి కూడా వద్దంటారేంటండీ? మీ పిల్లలిలాగ చేత్తే ఊరుకుంటారా?"

"ఊరుకోను."

"మరి?"

తడపమన్న మాట, తడపవలసిన చోటే రాసి ఉంది. ఆవిడ మాట వింటే ఆ మాట ఉండదు.

"పొడిగానే బిగించు. రాత ఉన్న వైపు లోపలికి రావాలి."

"గరుకు లోపలికా? చూసినోళ్ళు గంగాచారికి పని రాదంటారండి."

"నేను చెప్పానని చెప్పు."

గంగాచారి నన్ను అంచులు పట్టుకుని ఎత్తాడు. అరచెయ్యి ఎక్కడా ఆనించలేదు. వెనకనుంచి మొదటి మేకు కొట్టగానే లోపల సుద్దపొడి కొంచెం రాలింది. బీరువా తలుపు దగ్గర నిలబడ్డ మాస్టారు వంగి ఆ పొడి వైపు చూశారు. గంగాచారి తొంగిచూసి, ఆయన ముఖం చూసి, సుత్తి పక్కన పెట్టి సంచిలోంచి స్క్రూలు తీశాడు. గంటలో అయ్యే పని మధ్యాహ్నం దాకా సాగింది. మాస్టారు చీరలన్నీ నాకు నాలుగంగుళాలు ఎడంగా సర్దుకున్నారు.

శ్రావణం వచ్చింది. గోదావరి గాలి తేమగా ఉంటుంది. నేను పొంగాను. మా జాతి లక్షణం అది, ఎవరి దుఃఖం కోసమూ మానుకోలేం.

కిటికీ గడియ బాగుచేయడానికి వచ్చిన గంగాచారి బీరువా తెరిచి చూశాడు.

"చెప్పానా అండీ?"

"ఆవిడా చెప్పింది," అన్నారు మాస్టారు.

"విప్పేసి సరిచేసెయ్యమంటారా?"

"వద్దు."

నా పొంగు సరిగ్గా కింది భాగంలో వచ్చింది. మిగతా నాలుగు వాక్యాలూ వెనకే ఉండిపోయాయి. అయిదోది వేలాడే చీరల అంచుల కిందుగా ముందుకు తోసుకొచ్చింది. తలుపు తీయగానే మొదట కనిపించేది అదే.

మాస్టారు రోజూ బడికి వెళ్ళే ముందు బీరువా తీస్తారు. పిల్లవాడు తప్పిన చోట వేలు పెట్టి చూపించడం ఆయనకు ముప్పై ఏళ్ళ అలవాటు. ఆ వాక్యం కిందుగా కూడా వేలు అలాగే నడిపిస్తారు, చివరి మాట దాకా. వేలికీ నాకూ మధ్య కొంచెం ఖాళీ ఉంటుంది.