వెనక గదిలో ఆవిడ

ఆ లాయరును కోర్టు వరండాలో అందరూ భూతద్దం గారనేవారు. ఇల్లు కొనేవాళ్ళు ముందుగా కాగితాలు తెచ్చి ఆయన ముందు పెట్టేవారు. అమ్మేవాడికి నిజంగా అమ్మే హక్కుందా, ఇంకెవరికైనా అందులో వాటా ఉందా అని తవ్వి తీసి చెప్పడం ఆయన పని. తాను సరేనన్న ఇంటికి ముప్పై ఏళ్ళలో ఒక్క పేచీ రాలేదని ఆయనే పదిమందికీ చెప్పుకునేవాడు.

ఒక స్కూలు టీచరమ్మ పాత మేడ కొనబోతూ ఆయన దగ్గరికి వచ్చింది. అమ్మేవాడు మందుల షాపతను. ఇల్లు అతనికి తండ్రి రాసిచ్చాడు. ఆ దస్తావేజు మూడో పేజీలో, "మా నాన్నగారు నాకు ఇచ్చినప్పటి షరతులకు లోబడి" అని ఒక ముక్క ఉంది. లాయరు దాని కింద పెన్సిలుతో గీత గీశాడు. ఆ షరతులేమిటో తెలియాలంటే రిజిస్ట్రారు ఆఫీసు కింది గదిలో, దుమ్ము కొట్టుకుపోయిన చేతిరాత పుస్తకాలు తిరగేయాలి. రేపు చూద్దామనుకున్నాడు. ఆ రేపు రానే లేదు.

ఇల్లు చూడడానికి మాత్రం వెళ్ళాడు. వెనక గది ముందు ఒక ముసలావిడ కొంగు నడుముకు దోపుకుని నీళ్ళ తొట్టి తోముతోంది. ఎవరని అడిగితే మందుల షాపతను, పనావిడ, ఎప్పటినుంచో ఇక్కడే పడి ఉంటుందన్నాడు. ఆవిడ తోమడం ఆపి లేచి నిలబడింది. లాయరు ఆవిడ పక్కనుంచే మేడ మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఇంట్లో ఉన్న ప్రతివాళ్ళనీ స్వయంగా అడగాలని జూనియర్లకు నూరిపోసేది ఆయనే.

ఇతరులకు ఏ హక్కూ లేదని రిపోర్టు రాసిచ్చాడు. రిజిస్ట్రేషన్ అయిపోయింది.

మూడు వారాలకు టీచరమ్మ ఆ ముసలావిడను వెంటబెట్టుకుని ఆఫీసుకు వచ్చింది. గది ఖాళీ చేయమంటే ఆవిడ పెట్టె అడుగునుంచి ఒక దస్తావేజు తీసి చూపించిందట. ఆవిడ మందుల షాపతని మేనత్త. ఇల్లు కొడుక్కి, అంటే మందుల షాపతని తండ్రికి, రాస్తూ ఆవిడ తండ్రి, కూతురు బతికున్నన్నాళ్ళూ వెనక గదిలో ఉండాలని, ఇల్లు ఎవరి చేతికి మారినా ఆమెను కదిలించకూడదని రాశాడు. కింద రిజిస్ట్రారు ముద్ర ఉంది.

లాయరు దాన్ని రెండుసార్లు చదివాడు. తలెత్తడానికి ధైర్యం చాల్లేదు.

"మీరు ఇంటికొచ్చిన రోజే చెబుదామనుకున్నా బాబూ," అంది ఆవిడ. "అడుగుతారేమోనని నిలబడ్డాను."

"అడగలేదమ్మా."

"పనావిడని వాడనడం నాకూ వినబడింది. మీరు నమ్మారు. నా వాలకం అలాంటిది లెండి."

ఆవిడ గొంతులో కోపం లేదు. అందుకే ఆయనకు తల కొట్టేసినట్టయింది.

టీచరమ్మే ఆయనకు తప్పించుకునే దారి చూపబోయింది. ముప్పై ఏళ్ళ రికార్డు వెతికితే చాలంటారు కదా, ఇది అంతకు ముందుది, మీకెలా తెలుస్తుందిలెండి అంది. ఊఁ అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఎదురుగా ఆవిడ కూర్చుని ఉంది. ఆయన లేచి ఫైలు తెచ్చి, మూడో పేజీ తీసి టీచరమ్మ ముందు పెట్టాడు.

"నాకు తెలియక కాదు. ఇదిగో, గీత కూడా గీశాను. వెతకడానికి బద్ధకించాను."

టీచరమ్మ ఆ గీతకేసి చాలాసేపు చూసింది. ఫైలు మూసి ఆయన వైపు జరిపింది. తిట్టినా బాగుండుననిపించింది ఆయనకు.

తప్పు తనదేనని ఆయన సంతకం పెట్టి కొత్త రిపోర్టు రాశాడు. మందుల షాపతను మోసం చేశాడని టీచరమ్మ తరఫున కేసు కూడా తనే వేస్తానన్నాడు. ఆమె మర్యాదగానే వద్దని, ఇంకో లాయరును పెట్టుకుంది. వెనక గది జోలికి మాత్రం వెళ్ళలేదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఉండవచ్చని కాగితం రాయించి ఇచ్చింది.

లాయరు కోర్టుకు వెళ్ళేది ఆ వీధిలోంచే. గుమ్మంలో కనిపిస్తే ఆవిడ, "బాగున్నారా బాబూ?" అని నిండుగా పలకరిస్తుంది. రెండు రోజులు బదులు చెప్పాడు. మూడో రోజునుంచి మార్కెట్టు చుట్టూ తిరిగి వెళుతున్నాడు.