జైలు బొమ్మకు పోయిన హుసేనయ్య

రాయవేలూరు జైల్లో పన్నెండేళ్లు ఉండి వచ్చిన హుసేనయ్యకు ఉదయగిరిలో ఒక చిక్కు వచ్చిపడింది. ఇంటి తలుపు బార్లా తెరిచి ఉన్నా బయటికి పోలేడు. తెల్లవారగానే లేచి, ముఖం కడుక్కుని, చాప చుట్టి గోడకు ఆనించి, గడప దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఎవరో ఒకరు "పో" అనాలి. అనకపోతే పొద్దెక్కినా అక్కడే ఉంటాడు.

ఆ "పో" అనే ఉద్యోగం భార్య తిరుపాలమ్మకు దక్కింది. ఆమె ఊరంతా తిరిగి చేపలమ్మే మనిషి. నోరు గట్టిది. "దొరగారు దయచెయ్యొచ్చు" అని రోజూ దీర్ఘం తీసేది. అన్నం పెట్టేముందు గరిటెతో కంచం మీద టంగుమని కొట్టేది. ఇరుగుపొరుగు నవ్వేవాళ్లు, హుసేనయ్యా నవ్వేవాడు. నవ్వుతూనే ఉన్నా, ఆ చప్పుడు వినపడగానే అతని కాళ్లు వాటంతట అవే అన్నం దగ్గరికి నడిచేవి.

పంతొమ్మిది వందల నలభైలో చెరువు చేపల వేలంపాట దగ్గర జరిగిన తగాదాలో అతను విసిరిన కర్ర ఒక మనిషి తలకు తగిలింది. ఆ మనిషి బతకలేదు. ఆ రోజు గురించి గానీ, ఆ తర్వాతి పన్నెండేళ్ల గురించి గానీ హుసేనయ్య నోరు విప్పడు. ఇంటికి వచ్చి రెండేళ్లయింది. తిరుపాలమ్మ అడగని రోజు లేదు. "చెప్పేదానికి ఏముండాది? గోడలుండాయి" అనేసి ఊరుకునేవాడు.

యాభై నాలుగు ఎండాకాలంలో ఆత్మకూరు నుంచి తిరుపాలమ్మ చెల్లెలు చెంచులక్ష్మి కబురంపింది. అక్కడ టూరింగు టాకీసులో జైలు బొమ్మ ఆడుతోందట.

"నువ్వు చెప్పవు గదా మామా. నేనే పోయి చూసొస్తా" అంది తిరుపాలమ్మ.

"బొమ్మలో చూపించేది జైలు కాదే."

"నీకెట్ట తెలుసు, చూసినావా?"

మర్నాడు హుసేనయ్య ఆమె వెనకాలే బస్సెక్కాడు.

టెంటులో నేల టికెట్టు వాళ్లకు ఇసకే ఆసనం. ఆడవాళ్లకూ మగవాళ్లకూ నడుమ మోకాలెత్తు మట్టిగోడ. ఆ గోడకు ఇవతల తిరుపాలమ్మ, అవతల హుసేనయ్య కూర్చున్నారు. సాయంత్రం మొదటి ఆట మొదలైంది.

తెర మీద ముందు ఒక గోడ వచ్చింది. కెమెరాను కింద పెట్టి తీశారేమో, ఆ గోడ ఎంతకీ అయిపోదు. పైన ఆకాశం గుడ్డపేలికంత మిగిలింది. తర్వాత పొడుగాటి వసారా, వరసగా స్తంభాలు. స్తంభాల నీడలు నేల మీద చారలు చారలుగా పడ్డాయి. ఖైదీలు ఆ చారల్లో నడుస్తుంటే వెలుతురులోకి వచ్చినవాడు మరుక్షణమే చీకట్లో కలిసిపోతున్నాడు. అందరి ముఖాలూ ఒకే బూడిద రంగు. కథానాయకుడు ఎవరో గుర్తుపట్టడానికే తిరుపాలమ్మకు కొంతసేపు పట్టింది.

ఇంతలో బొమ్మలో గంట మోగింది. హుసేనయ్య చటుక్కున లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కూర్చో పెద్దాయనా, తల అడ్డం!" వెనకనుంచి కేకలు.

కూర్చున్నాడు. అయితే ఇసకలో చతికిలబడలేదు. జైల్లో తలలు లెక్కపెట్టేటప్పుడు ఖైదీలు కూర్చున్నట్టు మడమల మీద గొంతుక్కూర్చున్నాడు. తిరుపాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది.

"మామా, అది నీ గంట కాదు. ఆళ్ల గంట."

హుసేనయ్యకు పౌరుషం వచ్చింది. తన జైలును తను కాపాడుకోవాలన్నట్టు, అక్కడినుంచి తప్పులు పట్టడం మొదలుపెట్టాడు. కథానాయకుడి గదిలో ఎత్తున ఒక కిటికీ ఉంది. తల్లి రాసిన జాబు వచ్చినప్పుడు దానిలోనుంచి తెల్లటి వెలుగు దిగి అతని ముఖం మీద పడింది. టెంటులో ఆడవాళ్లంతా ముక్కులు చీదుకున్నారు.

"ఇందాక కుడిపక్కన పడినాది ఎండ. ఇప్పుడు ఎడమపక్క నుంచి వస్తా ఉండాది. ఆ జైల్లో ఇద్దరు సూర్యుళ్లా?" అన్నాడు హుసేనయ్య బిగ్గరగా. "అయినా అంతంత వెలుతురు యాడ వస్తాది? అరచెయ్యంత వస్తాది, అంతే."

రీలు మార్చడానికి లైటు వేశారు. వెనకాయన విసుగ్గా వంగి, "జైలంతా తిరిగొచ్చినట్టు చెప్తుండావే!" అన్నాడు.

"పన్నెండేండ్లు ఉన్నా."

అదే మనిషి ఇంకాస్త దగ్గరికి జరిగి చిన్న గొంతుతో, "నిజంగా కూడు అట్టనే పెడతారా అన్నా?" అని అడిగాడు. ఆ తర్వాత రీలు మార్చిన ప్రతిసారీ జనం హుసేనయ్య వైపే తిరిగారు. వార్డర్లు అట్టనే తిడతారా, దుప్పటి ఇస్తారా, నల్లులుంటాయా అని అడిగారు. అతను అడిగినవాటికి అడిగినంత చెప్పాడు. గోడ ఇవతల తిరుపాలమ్మ నోరు తెరిచి వింది. రెండేళ్లుగా తను అడిగితే ఒక్క మాట రాల్చని మొగుడు, బీడీ తాగే ఎవరికో నల్లుల సంగతి కూడా చెబుతున్నాడు!

"నాకు చెప్పలేదే?" అంది గోడ మీదుగా.

"నువ్వు నల్లుల గురించి అడగలా."

బొమ్మ చివరికొచ్చింది. ఒక ముసలి ఖైదీకి విడుదలయింది. పెద్ద గేటులో చిన్న తలుపు తెరిచారు. లోపలంతా చీకటి. తెరిచిన తలుపులోనుంచి తెల్లటి వెలుతురు నేల మీద చాప పరిచినట్టు పడింది. ముసలాయన దాని అంచు దాకా వచ్చి ఆగిపోయాడు. కాలు ఎత్తుతాడు, మళ్లీ దించుతాడు. టెంటులో జనం గొల్లుమన్నారు. "పో తాతా, పో!" అని అరిచారు.

తిరుపాలమ్మకు నవ్వు రాలేదు. రోజూ తన గడప దగ్గర చూసేదే అది. ఇన్నాళ్లూ తను నిలబడిన చోటు నుంచి అది నవ్వులాటగానే కనపడింది. ఇప్పుడు బొమ్మ తీసినవాడు ఆమెను ముసలాయన వెనక, చీకట్లో నిలబెట్టి చూపించాడు. అక్కడినుంచి చూస్తే ఆ వెలుతురు కత్తి లాగా ఉంది.

ముసలాయన దాటాడు. తెర మొత్తం తెల్లబడింది. ఆ వెలుగుకు టెంటులో అందరి ముఖాలూ కనపడ్డాయి. హుసేనయ్య మాత్రం కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఉన్నాడు.

ఆట అయిపోయింది. జనం తోసుకుంటూ బయటికి పోయారు. హుసేనయ్య గొంతుక్కూర్చునే ఉన్నాడు, పెళ్లాం వైపు చూస్తూ. తిరుపాలమ్మ నాలుక చివరిదాకా వచ్చిన "పో" అనే మాటను మింగేసింది. లేచి ఒక్కతే బయటికి వెళ్లి, వేరుశనగకాయలు అమ్మేవాడి పక్కన నిలబడింది.

టెంటు యజమాని దస్తగిరి రెండో ఆటకు ఇసక చదును చేయించడానికి వచ్చి, "ఏందమ్మా, మీ ఆయన లెయ్యడా?" అని అడిగాడు.

"నువ్వేమీ అనబాకన్నా. నీకు దణ్ణం పెడతా."

"రెండో ఆట కూడా చూస్తాడేమో, టికెట్టు..."

"నువ్వు ఊరకుండు."

ఆమె ఒక పొట్లం కాయలు తినేసింది. రెండోది సగం అయింది. అప్పుడు హుసేనయ్య గుడ్డ తలుపు పక్కకు తొలగించుకుని బయటికి వచ్చాడు. ఎవరి ముఖమూ చూడకుండా చకచకా కంచె దాకా నడిచాడు.

తిరిగొచ్చి, "ఎంతసేపని ఆపుకుంటాం? నువ్వు పిలవనే లేదు" అన్నాడు కోపంగా.

"మర్చిపోయినా మామా" అంది తిరుపాలమ్మ, కాయలు అతని చేతిలో పోస్తూ.

ఆ రాత్రికి చెంచులక్ష్మి ఇంట్లో ఉండి, మర్నాడు పొద్దున్నే ఉదయగిరి బస్సెక్కారు. ఊరు దాటగానే ఎవరూ అడక్కుండానే హుసేనయ్య మొదలుపెట్టాడు.

"కంబళ్లు నేసే షెడ్డులో పెంకు ఒకటి పగిలుండె. దాంట్లోనుంచి ఎండ నా మగ్గం మీద పడేది, అరచెయ్యంత. అది పడుగు దారాల మీదికి వస్తే నువ్వు చేపల గంప ఎత్తుకున్నట్టు. అంచు కాడికి పోతే అమ్ముకొని ఇంటికొచ్చినట్టు నాకు లెక్క."

తిరుపాలమ్మ కిటికీ వైపు ముఖం తిప్పుకుంది. అటు చూస్తూనే, "నేను జరమొచ్చి పడుకున్న రోజు?" అంది.

"ఆ పొద్దు మబ్బు."

"అబద్ధాలు!"

"నిజమే. ఒకపారి మేస్త్రీ ఆ పెంకు బాగుచేసేదానికి వచ్చినాడు. అది అట్టనే ఉండనీండి, వాన కారితే నేనే తడుస్తాలే అని అర్జీ పెట్టుకున్నా. జైలరు నవ్వి మేస్త్రీని పంపించేసినాడు."

అక్కడితో ఆగలేదు. వంటవాడి సంగతి, మగ్గం నేర్పిన అరవాయన సంగతి, పాము దూరిన రోజు సంగతి, ఒకదాని మీద ఒకటి. పన్నెండేళ్ల మాటలు ఒక్క బస్సులో దించుకుంటున్నాడు. చెరువు దగ్గరి ఆ తగాదా రోజు కూడా మధ్యలో వచ్చింది. అక్కడ గొంతు తగ్గింది. చనిపోయినవాడి పేరు రెండుసార్లు పలికి, మళ్లీ వంటవాడి దగ్గరికి వచ్చాడు. దుత్తలూరు దాటేసరికి ముందు సీట్లవాళ్లు కూడా వెనక్కి తిరిగి వింటున్నారు. తిరుపాలమ్మకు నిద్ర ముంచుకొస్తోంది.

"ఇంక చాల్లే మామా. నోరు నొయ్యలా నీకు?"

హుసేనయ్య ఆమె వైపు ఒకసారి చూశాడు.

"నువ్వు పడుకో. నేను చెప్తా ఉంటా" అని, ముందు సీటాయన వైపు తిరిగి, "ఆ వంటోడు ఉండాడే, వాడు ఒకనాడు ఏం చేసినాడంటే..." అంటూ అందుకున్నాడు.