కువైటుకు రెండుసార్లు వెళ్ళిన సంచి

నేను ఒక గుడ్డసంచిని. జానెడు పొడుగు, బెత్తెడు వెడల్పు, మూడు అరలు, ఒక జిప్పు, నడుముకు చుట్టుకోవడానికి రెండు నాడాలు. నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. రైల్వే కోడూరులో బట్టలు కుట్టే మునెమ్మ, తన మొగుడి గళ్ళలుంగీ పిగిలిపోతే, పిగలని మేరకు కత్తిరించి నన్ను కుట్టింది. జిప్పు ఎవరో బడిపిల్ల పాత సంచిది. కుట్టు మాత్రం గట్టిది. ఆ ఒక్క విషయంలో మునెమ్మకు ఎవరూ వంక పెట్టలేరు.

నన్ను కుట్టింది పాస్‌పోర్టు దాచుకోవడానికి. మునెమ్మ కువైటుకు ఇంటిపనికి వెళ్తూ, దొంగల భయంతో నన్ను చీర కింద కట్టుకుంది. దొంగలెవరూ రాలేదు. విమానం దిగి ఇల్లు చేరగానే ఇంటాయన చెయ్యి చాపాడు. ఈమె పాస్‌పోర్టు తీసి చేతిలో పెట్టింది. ఆయన దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు. ఆ ఇళ్ళలో అదే ఆనవాయితీ. చట్టం వేరేగా చెబుతుందని అంటారు గానీ, ఆ చట్టం వంటింటి దాకా వచ్చినట్టు నేను చూడలేదు. ఏ వస్తువు కోసం నన్ను కుట్టారో అది నాలో రెండు రోజులుంది. మిగిలిన నాలుగేళ్ళూ వక్కపొడి మోశాను.

మునెమ్మ ఆరోగ్యంగా తిరిగొచ్చింది. మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. అప్పటినుంచి కువైటుకు వెళ్ళే ఆడవాళ్ళంతా ముందు ఆమె వసారాలో కూర్చుని వెళ్ళేవారు. ఒకసారి పోయొచ్చిన మనిషి మాట మా ఊళ్ళో డాక్టరు మాట కంటే ఎక్కువ చెల్లుతుంది. మునెమ్మకు కూడా ఆ గౌరవం బాగానే ఒంటబట్టింది. అడిగినదానికీ అడగనిదానికీ జవాబు చెప్పేది.

అలా వచ్చినవాళ్ళలో చెంగమ్మ ఒకతి. పరాయిదేం కాదు, మునెమ్మ మొగుడి చెల్లెలే. ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషి. బొప్పాయి మండీలో కాయలకు పాత పేపర్లు చుట్టే పని చేసేది. మొగుడు లారీ బోల్తాపడి పోయి నాలుగేళ్ళయింది. కూతురు సుకన్య తిరుపతిలో నర్సింగు చదువుతోంది. ఆ చదువు ఆగిపోకూడదని చెంగమ్మ కువైటు ప్రయాణం పెట్టుకుంది. మండీ పనితో అది గట్టెక్కదని ఆమెకు తెలుసు, మండీవాళ్ళకూ తెలుసు. పాస్‌పోర్టు దాచుకోమని మునెమ్మ నన్ను ఆమెకిచ్చింది.

చెంగమ్మకు ఫిట్స్ ఉన్నాయి. పన్నెండో ఏట మొదలయ్యాయి. పొద్దున ఒక మాత్ర, సాయంత్రం ఒక మాత్ర వేసుకుంటూ ఉంటే ఆరేళ్ళుగా ఒక్కసారి కూడా రాలేదు. చూసినవాళ్ళు ఆమెకు జబ్బుందంటే నమ్మరు. ఆమె ప్రాణం ఆ రెండు మాత్రల మీద నిలబడి ఉంది. ఈ కథలో గుర్తుంచుకోవలసింది అదొక్కటే.

సుకన్యకు అది బాగా గుర్తుంది. పరాయి దేశంలో జబ్బుచేస్తే ఏం చెయ్యాలో, పాస్‌పోర్టు పోతే ఏం చెయ్యాలో వాళ్ళ మేడమ్ క్లాసులో చెప్పిందట. ఆ పిల్ల ఇంటికొచ్చి అమ్మను కూర్చోబెట్టి అన్నీ సర్దింది. ఆరు నెలలకు సరిపడా మాత్రలు రేకులతో సహా, డాక్టరు రాసిన కాగితంతో సహా కట్టింది. పాస్‌పోర్టు జెరాక్సులు మూడు తీయించి, నాలో ఒకటి, పెట్టెలో ఒకటి, పౌడరు డబ్బా అడుగున ఒకటి పెట్టింది. ఎంబసీ నంబరు అమ్మచేత కంఠతా పట్టించింది. అన్నిటికంటే ముఖ్యంగా ఒక చీటీ రాసింది. ఈమెకు ఫిట్స్ ఉన్నాయి, ఫలానా మాత్ర వాడుతోంది, పడిపోతే ఇలా చెయ్యండి, కూతురి నంబరు ఇది. ఇంగ్లీషులో తను రాసి, మసీదు వీధిలో అరబ్బీ చదువు చెప్పే హజ్రత్తుగారి దగ్గరకు పోయి అరబ్బీలో కూడా రాయించుకొచ్చింది. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి నా నడిమి అరలో దోపింది. అలాంటిదే ఇంకొకటి అమ్మ చేతికిచ్చి, కువైటులో ఇంటి ఇల్లాలికి ఇమ్మని చెప్పింది.

"మా, ఈ మాత్రలు గాలి తగిల్తే చెమ్మగిల్లి కరిగిపోతాయంట. మింగేటప్పుడే రేకు చించల్ల. మర్చిపోవద్దు."

"మర్చిపోనులే పాపా," అంది చెంగమ్మ. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అంది.

ఆ సర్దుడు చూసి నాకు ముచ్చటేసింది. పుట్టిన ఇన్నేళ్ళకు నాకొక పని దొరికిందనుకున్నాను. నా సంతోషం సుకన్య తిరుపతి బస్సెక్కేదాకా ఉంది.

మర్నాడు మధ్యాహ్నం మునెమ్మ వచ్చి పెట్టె తెరిచి చూసింది. మాత్రల రేకులు చూసి తలకొట్టుకుంది.

"ఇవన్నీ ఇట్ట బయటికి పెట్టుకోని పోతాండావా? ఆడ దిగినాక మళ్ళా మెడికల్ చేస్తారు. పుల్లంపేటామెని సుగరు మాత్రలు చూసి తిరుగు విమానం ఎక్కించినారు. ఏడ్చుకుంటా వచ్చింది."

"మరి పాప చీటీ కూడా రాసిచ్చింది గదా వదినా."

"ఏమని రాసింది? ఫిట్స్ అని. మెళ్ళో బోర్డు కట్టుకోని పోయినట్టే గదా అది. పాపకేం తెల్సు, సదువుకునే పిల్ల. నాలుగేండ్లు ఉండొచ్చినా నేను."

తిప్పి పంపిస్తే కూతురి చదువు ఏమవుతుందో చెంగమ్మ లెక్క వేసుకుంటోందని నాకు అర్థమైంది, ఎందుకంటే ఆమె చెయ్యి నా మీదే ఉంది. చివరికి, "నువ్వే చెప్పు వదినా, ఎట్ట చేద్దాం," అంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఇద్దరికీ తెలుసు. ఆ పూట ఇద్దరికీ గుర్తురాలేదు.

ఇద్దరూ చాప మీద కూర్చుని మాత్రలన్నీ రేకుల్లోంచి ఊడదీశారు. మునెమ్మ వేళ్ళు చురుకైనవి. చెంగమ్మ ఒకటి తీసేలోపు ఆమె నాలుగు తీసేది. చిన్న స్టీలు డబ్బాలో పోసి, వక్కపొడి అని చెప్పమంది. డాక్టరు కాగితం, రెండు చీటీలు పొయ్యిలో పెట్టింది. జెరాక్సులు మూడు చోట్లనుంచీ ఏరి, మడిచి, పాస్‌పోర్టు లోపలే పెట్టింది. "అన్నీ ఒకే కాడ ఉంటే పోవు" అనేది ఆమె సిద్ధాంతం. ఇళ్ళలో పట్టాదారు పాసుపుస్తకం, రేషను కార్డు, చచ్చినవాళ్ళ ఫోటోలు అన్నీ ఒకే డబ్బాలో దాచే అలవాటు అది. పాసుపుస్తకాన్ని అడిగి తీసుకుని బీరువాలో పెట్టుకునేవాళ్ళు ఇక్కడ లేరు కాబట్టి ఇక్కడ చెల్లింది.

చీటీ పోయిన అర ఖాళీగా ఉండడం మునెమ్మకే నచ్చలేదు. ఇంటికి పోయి తుప్పు పట్టిన ఇనుప తాళంచెవి ఒకటి తెచ్చి అందులో వేసింది. "ఒకేళ వస్తే చేతిలో ఇనుము పెట్టుకో, దిగిపోతాది," అంది. మనస్ఫూర్తిగానే అంది. మునెమ్మ చెడ్డది కాదు. ఆడబిడ్డ మీద ఆమెకున్న ప్రేమలో నేను ఒక్క పోగు కూడా తక్కువ చెయ్యను. ప్రేమకు తెలివి కూడా తోడై ఉంటే బాగుండేది.

కువైటులో ఇల్లు చేరగానే ఇంటాయన చెయ్యి చాపాడు. చెంగమ్మ పాస్‌పోర్టు ఇచ్చింది. మూడు జెరాక్సులూ దానితోపాటు బీరువాలోకి పోయాయి. మెడికల్ గడిచింది. రక్తంలో ఫిట్స్ కనపడవు, ఈమె నోరు విప్పలేదు. గుర్తింపు కార్డు రావడానికి ఇంకా రోజులు పడుతుందన్నారు. అప్పటిదాకా ఆ దేశంలో చెంగమ్మ ఎవరో చెప్పే కాగితం ముక్క ఆమె ఒంటి మీద ఏదీ లేదు.

ఆగస్టు నెలాఖరులో గాలి సముద్రం వైపునుంచి తిరిగింది. గోడలు కూడా చెమర్చాయి. చెంగమ్మ పగలంతా పొయ్యి దగ్గర, నేను ఆమె నడుము దగ్గర, డబ్బా నాలో. ఒకరోజు మూత తీసి చూస్తే మాత్రలు ఒకదానికొకటి అంటుకుని ముద్దవుతున్నాయి. ఆమె గోటితో గీరి, ఇది ఒకటి ఉండొచ్చు అనుకున్నంత నోట్లో వేసుకుంది. వారం తిరిగేసరికి అది తెల్లటి బంక అయింది. రోజుకింత నాకేది. ఎక్కువో తక్కువో ఆమెకూ తెలియదు, ఎవరికీ తెలియదు.

శుక్రవారం శుక్రవారం సుకన్య ఫోను చేసేది.

"మాత్రలు యేసుకుంటాండావా మా?"

"యేసుకుంటాండా పాపా."

"రేకులు ఇంకా ఎన్ని ఉండాయి?"

"శానా ఉండాయిలే. నువ్వు సదువుకో."

నేను అక్కడే ఉన్నాను. ఆ డబ్బా బరువు నాకు తెలుసు. చెప్పడానికి నోరుంటే కుట్లు తెంపుకునైనా చెప్పేదాన్ని. దేవుడు సంచికి మూతి ఇచ్చాడు గానీ మాట ఇవ్వలేదు.

ఇంటి ఇల్లాలు చెడ్డ మనిషి కాదు. ఒకరోజు చెంగమ్మ కళ్ళు తేలేసినట్టుండడం చూసి, భుజం మీద చెయ్యి వేసి, "తబానా?" అని అడిగింది. ఒంట్లో బాగోలేదా అని ఆ మాటకు అర్థం. చెంగమ్మ పెదవి కదిలింది. డబ్బా తీసి చూపించబోయి, నా జిప్పు సగం దాకా లాగింది కూడా. పుల్లంపేటామె గుర్తొచ్చినట్టుంది. జిప్పు మూసేసి, బాగానే ఉన్నానని తల ఊపి నవ్వింది. అంతే, ఉన్న ఒక్క తలుపూ అలా మూసుకుంది.

మర్నాడు పొద్దున ఫోను వంటింట్లోనే పెట్టి వీధి చివరి బేకరీకి రొట్టెలు తేవడానికి వెళ్ళింది. తిరిగొస్తూ నడిరోడ్డు మీద పడిపోయింది. ఆరేళ్ళుగా ఆగి ఉన్నది ఒక్కసారిగా వచ్చి, ఎంతకీ వదల్లేదు. ఎవరో అంబులెన్సు పిలిచారు. రొట్టెలు అక్కడే ఉండిపోయాయి.

ఆసుపత్రిలో నర్సు నన్ను కత్తెరతో కోసి నడుమునుంచి తీసింది. పేరు కోసం వెతికింది. తాళంచెవి దొరికింది. ఏ ఇంటి తాళమో అనుకుని దాన్ని జాగ్రత్తగా ఒక కవరులో పెట్టి నంబరు వేసింది. స్టీలు డబ్బా తెరిచి, వాసన చూసి, తెల్లటి బంక ఏమిటో తెలియక డాక్టరుకు చూపించింది. ఆయనకూ తెలియలేదు. పాపం, వాళ్ళు చెయ్యగలిగింది చేశారు. ఫిట్స్ ఆగడం, మళ్ళీ రావడం. ఏ మందుకు అలవాటుపడిన ఒళ్ళో తెలిస్తే వేరుగా ఉండేదేమో. ఆ సంగతి అరబ్బీలో కూడా రాసి ఉండింది, కోడూరు పొయ్యిలో.

అదే రోజు ఇంటాయన పోలీసుల దగ్గరకు వెళ్ళి, కొత్త పనిమనిషి పారిపోయిందని రాసిచ్చాడు. ఆయన్ని మాత్రం ఏమనాలి? రొట్టెలకని వెళ్ళిన మనిషి రాకపోతే పారిపోయిందనే అనుకుంటారు. ఒక వీధిలో ఆమె పరారీలో ఉంది, ఇంకో వీధిలో పేరులేకుండా పడుకుని ఉంది. బీరువాలో ఉన్న పాస్‌పోర్టు తప్ప ఆ ఇద్దరూ ఒకరే అని చెప్పగలిగినది లేదు.

మూడో రోజున వార్డు తుడిచే వరహాలమ్మ ఆమె మంచం దగ్గర ఆగింది. అమలాపురం వైపు మనిషి. చెంగమ్మ చేతి మీది పచ్చబొట్టు చూసింది. తెలుగు అక్షరాలు. సుకన్య అని ఉంది.

"అయ్యో, మన తెలుగావిడేనండి," అని ఎవరితోనో అంది. మంచం పక్కన వంగి, "సుకన్యా, ఏవూరమ్మా మీది? ఒక్క మాట చెప్పమ్మా, మీవాళ్ళకి ఫోను చేసి పెడతాను," అంది. చెంగమ్మ ఆ పేరుకు కళ్ళు తెరిచింది. తలుపు వైపు చూసింది. ఎవరూ రాలేదు. మళ్ళీ మూసుకుంది.

వరహాలమ్మ ఫోటో తీసి, సుకన్య అనే ఆమె ఆసుపత్రిలో ఉంది, తెలిసినవాళ్ళు పలకండి అని గ్రూపుల్లో పెట్టింది. చెంగమ్మ నాలుగో రోజు మధ్యాహ్నం పోయింది. ఆ ఫోటో తిరిగి తిరిగి ఆరో రోజున తిరుపతి హాస్టలులో సుకన్య చేతికి చేరింది. తల్లి మొహం కింద తన పేరు రాసి ఉంది. ఇంటాయన పెట్టిన ఫిర్యాదు వెనక్కి తీసుకుని, పాస్‌పోర్టు బయటికి తీసేదాకా శవం కదలలేదు. ఇరవై మూడు రోజులు ఆమె చల్లటి అరలో, నేను పాలిథీన్ కవరులో ఎదురుచూశాం.

కోడూరులో శవపెట్టె దించారు. సుకన్య ఏడవలేదు. ఒకటే మాట అడుగుతూ కూర్చుంది.

"ఆర్నెల్లకి మాత్రలిచ్చినా గదత్తా. చీటీ కూడా పెట్టినా. నేను రాసిందాంట్లో ఏమన్నా తప్పుండాదేమో. హజ్రత్తుకి సరిగ్గా చెప్పలేదేమో నేను."

సుకన్య చెయ్యి నా కవరు వైపు వచ్చింది. "ఏముండాది దాంట్లో?"

"ఏమీ లేదు నాయనా, వక్కపొడి," అంది మునెమ్మ. పోయినవాళ్ళ ఒంటి మీదివి ఇంట్లో ఉంచకూడదని చెప్పి, డబ్బాతో సహా నన్ను తనే చేతిలోకి తీసుకుంది. పూడ్చిన చోట కంచె పక్కన పారేసింది. పాత చాపలు, పగిలిన కుండలు, నేను. నా చివరి ఇల్లు ఇదే. ఎండకు గళ్ళు వెలిసిపోయాయి.

పదకొండో రోజు పొద్దున మునెమ్మ ఒక్కతే వచ్చింది. కంచె దగ్గర కూలబడి నన్ను చేతిలోకి తీసుకుంది. ఏడ్చి ఏడ్చి ఆమె మొహం గుర్తుపట్టేలా లేదు.

"నేనే ఊడదీస్తి చెంగమ్మా. చీటీ కాల్చింది కూడా నేనే. పాప ఏ తప్పూ చెయ్యలేదు," అంది.

ఆ మాట కోసం ఒక పిల్ల అన్నం మానేసి కూర్చుని ఉంది. రాసుకున్న నోటు పుస్తకాలు ముందేసుకుని, తన తప్పు ఎక్కడుందో వెతుక్కుంటోందట. నర్సింగు చదువు తనకొద్దని చెప్పేసిందట. ఇదంతా మునెమ్మే నాకు చెప్పింది. చెప్పి, కళ్ళు తుడుచుకుని, నన్ను కంచె పక్కనే పెట్టి, ఇంటికి వెళ్ళిపోయింది. ఆ మాట చెప్పవలసింది సుకన్యకు. నాకు చెప్పి ఏం లాభం?