బాపు నంబరు

మహబూబ్‌నగర్ బస్టాండు దగ్గర నరేశ్ నడిపే నెట్ సెంటర్‌లో సీవీ చేయించుకున్న వాళ్లందరికీ ఒకే రకం సరదాలుంటాయి. పాటలు వినడం, పేపర్ చదవడం, క్రికెట్ ఆడడం. నరేశ్ దగ్గర ఉన్నది ఒకటే నమూనా మరి. పేరు మార్చి, చదువు మార్చి, ప్రింటు తీసి చేతిలో పెడతాడు. అట్లా పాలమూరు పిల్లలంతా క్రికెట్ ఆటగాళ్లయిపోయారు. పుట్టి బుద్ధెరిగి బ్యాటు ముట్టని నాగరాణి కూడా అయింది.

జాబ్ మేళాలో సీవీలు దిద్దే బల్ల దగ్గర కూర్చున్న సుచరిత మేడం ఆ క్రికెట్ మీద ఎర్ర పెన్నుతో గీత కొట్టింది.

"నువ్వు ఆడుతవా?"

"లేదు మేడం."

"మరెందుకు పెట్టినవ్? ఇంటర్వ్యూల గదే అడిగితే ఏం చెప్తవ్?"

నాగరాణి తలూపింది. మేడం చేయి ఆగలేదు. కష్టపడి పనిచేస్తానన్న వాక్యం పోయింది, అందరూ రాసేదే కదా అని. చదువుకునే రోజుల్లో సరదాకి పెట్టుకున్న మెయిల్ పేరు చూసి నవ్వి, దాన్నీ కొట్టేసింది. బీఫార్మసీలో చేసిన ప్రాజెక్టు చివరి పేజీలో నక్కి ఉంటే పైకి బాణం గీసింది. "తండ్రి పేరు అక్కర్లేదమ్మా ఈ రోజుల్ల," అంటూ గోపయ్య మీద కూడా ఒక గీత లాగింది.

నాగరాణి ఆ గీత వైపు చూసింది. ఏమీ అనిపించలేదు. మూడు నెలలుగా ఆమెకు ఏమీ అనిపించడం లేదు. చుట్టాలు వచ్చి గుండెలు బాదుకుని ఏడుస్తుంటే వాళ్లకు చాయ్ పెట్టి ఇచ్చింది. గిన్నెలు కడిగింది. గుండె రాయి చేసుకుంది పిల్ల అని మెచ్చుకుని పోయారు. చూసేవాళ్లకు ఏదైనా మెప్పే.

"ఈ నంబరు నీదేనా?"

"మా బాపుది."

"ఆడపిల్లలు చానామంది గిదే తప్పు చేస్తరు. నాయినదో అన్నదో పెడతరు. కంపెనోళ్లు చేసినప్పుడు ఆయన యాడుంటడో ఏమో. నీది రాయి."

"రాస్త మేడం," అంది. పెన్ను తీయకుండానే లేచింది.

ఆ నంబరు గోపయ్యే రాయించాడు. సీవీ చేయించిన రోజు నరేశ్ ఫోన్ నంబరు అడగ్గానే, పక్కన నిలబడ్డ గోపయ్య అంగీ జేబులోంచి తన బటన్ల ఫోన్ తీశాడు. "నాది కొట్టు పటేలా. తెల్వనోళ్ల ఫోన్లు పిల్లకెందుకు?" అప్పట్నుంచి గొర్ల వెంట పోయినా చెవి ఆ ఫోన్ మీదే. "ఇయ్యాల గూడ చెయ్యలే బిడ్డా," అని పొద్దుగూకాక చెప్పేవాడు, తప్పంతా తనదే అయినట్టు.

వానాకాలం మొదట్లో గుట్ట కింద గోపయ్య మీద పిడుగు పడింది. ఆ పూట ఫోన్ చార్జింగ్‌కు పెట్టిపోయాడు కనుక అది మిగిలింది. ఇప్పుడు దాన్ని అమ్మ గుర్వమ్మ నడుముకు దోపుకుని తిరుగుతోంది. గొర్ల బేరగాళ్లు చేస్తుంటారులే అని నాగరాణి పట్టించుకోలేదు. ఇంట్లో ఇద్దరే. ఇద్దరూ ఆయన మాట ఎత్తరు. ఉద్యోగం వస్తే షాద్‌నగర్‌లో ఒక అర్ర కిరాయికి తీసుకుని అమ్మను ఆ ఇంట్లోంచి బయటపడేయాలి. నాగరాణిలో మిగిలిన ఆలోచన అదొక్కటే.

అదే మేళాలో షాద్‌నగర్ దగ్గరి మందుల కంపెనీ బల్ల వెనక ఒక కుర్రాడు కూర్చున్నాడు. సీవీలో నంబరు ల్యాప్‌టాప్‌లో కొట్టి, ముఖం చిట్లించాడు.

"మీరు ఇంతకుముందు అప్లై చేశారు కదండీ. మావాళ్లు రెండుసార్లు ఫోన్ కూడా చేశారు. ఎవరో ఎత్తి..." అతను నీళ్లు నమిలాడు. "మనిషి పోయిందని చెప్పారట."

పోయింది ఎవరో, ఆడో మగో సరిగ్గా వినే ఓపిక చేసినవాళ్లకు లేకపోయింది. నాగరాణి పేరు ఎదురుగా చనిపోయినట్టు రాసుకుని ఊరుకున్నారు. ఆమె వంగి చూసింది. వీళ్లేమీ పెద్ద తప్పు రాయలేదనిపించింది.

కుర్రాడికి నమ్మకం కుదరలేదు కాబోలు, అదే నంబరుకు చేసి స్పీకర్‌లో పెట్టాడు.

"ఎవలు?" గుర్వమ్మ గొంతు. జవాబుకు ఆగలేదు. "మనిషి లేడయ్యా. పిడుగు వడ్డది. మబ్బు జూసి, పోవద్దయ్యా అన్న, ఇనలే. గొర్లన్ని ఇంటికొచ్చినయ్, ఆయన రాలే. ఇగ చెయ్యకుండ్రి."

ఫోన్ పెట్టేసింది.

ఇన్ని మాటలు అమ్మ ఇంట్లో ఒక్కనాడూ మాట్లాడలేదు. ముఖం తెలియని వాళ్లకు, అడగకపోయినా, ఇట్లా చెప్పుకుంటోందన్నమాట.

"సారీ అండీ," అన్నాడు కుర్రాడు. "సోమవారం ఇంటర్వ్యూకి వచ్చేయండి. మీ నంబరు చెప్పండి. పాతది తీసేయనా?"

"ఉండనియ్యుండ్రి," అంది. "రెండోదిగ."

సాయంత్రం ఇంటికి పోయి గడపలోనే చెప్పింది. "అమ్మా, నా నౌకరి ఫోన్లు బాపు ఫోనుకు వచ్చినయంట."

గుర్వమ్మ చేతిలో చేట అక్కడే ఆగింది. "అయ్యో! ఎవలు చేసినా నోట్లెకెల్లి అదే వస్తది బిడ్డా. ఇంకో మాట రాదు."

"ఇగ ఎత్తంగనే, నాగరాణి అమ్మను మాట్లాడుతున్న, అను."

గుర్వమ్మ పంతులు ముందు పిల్లలాగా ఆ మాట మెల్లగా అప్పజెప్పింది. మధ్యలో తప్పితే మళ్లీ మొదలుపెట్టింది. నాగరాణి వింటూ కూర్చుంది. తర్వాత ఇద్దరూ తిన్నారు.

సోమవారం షాద్‌నగర్‌లో ఆమెను ప్రాజెక్టు గురించే అడిగారు. క్రికెట్ ఊసే రాలేదు. ఒకటో తారీకు నుంచి పనిలోకి రమ్మన్నారు. కంపెనీ గేటు దాటాక నాగరాణి ఫోన్ తీసి బాపు నంబరు నొక్కింది. ఈ కబురు కోసం ఆయన ఎదురుచూసి ఎదురుచూసి పోయిన ఫోన్ అది. నౌకరి వచ్చిందని ఆ నంబరుకే చెప్పాలనిపించింది.

చాలాసేపు మోగింది. తెర మీద ఎవరి పేరుందో చదవడం గుర్వమ్మకు రాదు.

"హలో... నాగరాణి అమ్మను మాట్లాడుతున్న." గట్టిగా, జాగ్రత్తగా చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి, "వాళ్ల బాపు లేడు," అంది.

నాగరాణి గేటు పక్కన మట్టిలోనే కూలబడింది. చెప్పాలనుకున్న దాని బదులు మూడు నెలల ఏడుపు వచ్చింది.

"నాకెర్కే అమ్మా," అంది. "నాకెర్కే."