ఎదురు కొట్టులో అరపూట

మిరియాల కొట్టులో లెక్కలు చూసే పని మానేస్తానని ప్రణతి చెప్పినప్పుడు, పెళ్లి కుదిరిందేమో అనుకున్నాడు కొట్టు యజమాని, ఆమె మేనమామ కోదండరాం. పేకాడి బతుకుతానని చెప్పాక, చేతిలోని తమలపాకుకు సున్నం రాయడం మరిచాడు.

చెన్నై జార్జి టౌన్‌లోని ఆ సందుకు ఒక ఆచారం ఉంది. కొట్టులో పని నేర్చినవారు సొంత వ్యాపారానికి వెళ్లేటప్పుడు యజమాని తాంబూలమిచ్చి పంపుతాడు. దాన్ని అందుకున్నవారిని బజారంతా వ్యాపారిగా లెక్కిస్తుంది. ప్రణతి అడిగింది ఆ తాంబూలాన్నే, డబ్బును కాదు.

"జూదానికి తాంబూలమా?" అంటూ ఆయన తమలపాకుల పళ్లెం తన వైపుకు లాక్కున్నాడు.

"రేటు ఎక్కతాదని నెలల తరబడి మూటలు దాస్తారే, అదేంది మామా?"

"రేటు పడితే నా మిరియాలు చారులో వేసుకుంటా. నీ పేకముక్కలకు తాళింపు పెడతావా?"

మూటలు మోసే సుబ్బన్ పక్కకు తిరిగి నవ్వాడు. ప్రణతి చెవులు వేడెక్కాయి. మామ మాటలో నిజముంది. ఆ నిజాన్ని ఆమె ముందే తూచుకుని వచ్చింది. సెలవు పెట్టి గోవా వెళ్లి పేకాట పోటీలు ఆడింది, గెలిచింది, ఓడింది. ఆటకూ ఆకలి ఉంటుందని, దానికి ఇంటి అన్నం గిన్నె చూపకూడదని అక్కడే నేర్చింది.

"పొద్దున పూట వరదయ్య గారి కొట్టులో లెక్కలు రాస్తా. ఆ జీతం బాడుగకు, బియ్యానికి. ఆట దుడ్డు వేరే బ్యాంకులో ఉంటాది. అది అయిపోతే ఆట ఆగతాది, పొయ్యి ఆగదు."

అప్పుడు మారింది కోదండరాం ముఖం. వరదయ్యది ఎదురు కొట్టు. ఇద్దరిదీ ఒకే సరుకు, ఇద్దరి మధ్యా మాటల్లేవు.

"పేకాడుకో, సరి. వాని కాడ మాత్రం వద్దు. ఈడనే అరపూట చెయ్యి, పూర్తి జీతమిస్తా. ఓడిపోతే నేను లేనా పాపా?"

ఆ ప్రేమ నిజం. ఆ ప్రేమే ప్రమాదం. వెనుక మామ ఉన్నాడన్న ధైర్యంతో కూర్చున్న మనిషికి ఎప్పుడు లేవాలో తెలియదు.

"ఆ మాటకే పోతా ఉండా మామా."

"తాంబూలం లేకుండా మెట్టు దిగితే నిన్ను జూదరి అంటారు."

"అననీండి."

ఆమె మెట్టు దిగింది. తోపుడుబండ్ల నడుమ దారి చేసుకుంటూ, తల వంచకుండా సందు దాటింది. ఎదురు కొట్టులో వరదయ్య కళ్లద్దాల పైనుంచి ఆమెను ఎగాదిగా చూశాడు.

"నీ మామ అరుపులు ఈడికి వినపడినాయి. ముందే చెప్తా ఉండా, జీతం నెలాఖరుకే. నడుమ చెయ్యి చాస్తే పైసా ఇయ్యను."

"చాచినా ఇయ్యొద్దండి," అంది ప్రణతి. ఆయన లోపలి మూల చూపించిన కుర్చీని వీధి వైపుకు లాక్కుని, మామకు కనపడేలా కూర్చుని, పని అందుకుంది.